గుడ్డ మీద నమ్మకం

మాదాపూర్,
6 డిసెంబర్ 1998

పుణ్యవతక్కకి తమ్ముడు రామబ్రహ్మం నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు బాగాలేవని బావగారు నీకు తెలియకుండా కార్డు రాశారు. ఆయన్ని ఏమీ అనకు. కడుపులో గడ్డ ఉందనీ, గర్భసంచి తీసేయాలనీ అమలాపురం డాక్టరమ్మ చెప్పి ఇన్నాళ్ళయినా, నువ్వు ఉసిరికాయ పచ్చడి వంకా, దూడ పుట్టిన వంకా చెప్పి వాయిదా వేస్తున్నావట. ఒంట్లో రక్తం అలా పోతుంటే దూడకి మాత్రం ఏం ఒరుగుతుంది?

మా ఆసుపత్రికి వచ్చెయ్. చుట్టూ బండరాళ్ళే. రోజూ ఎక్కడో ఒకచోట రాయి పేలుస్తారు, నా మైక్రోస్కోపు గెంతుతుంది. పక్కనే అద్దాలతో కంప్యూటర్ల మేడ ఒకటి లేస్తోంది. అందులో పనిచేయబోయేవాళ్ళందరికీ జబ్బులు వస్తాయన్న నమ్మకంతో మా డైరెక్టరు గోవిందప్పగారు ఈ ఆసుపత్రి కట్టారు.

నా ఉద్యోగం ఏమిటని నువ్వు ఎప్పుడూ అడుగుతావు. డాక్టరువై ఉండి ఒక్క మందూ రాయవేమిట్రా అంటావు. ఒక రోగి క్రిమి ఇంకో రోగికి అంటకుండా చూడటమే నా పని. ఇక్కడ నీకు ఏ భయమూ అక్కర్లేదు. ఆపరేషనులో కప్పే దుప్పట్లు, డాక్టర్లు తొడుక్కునే అంగీలు అన్నీ విదేశీ ప్యాకెట్లలో వస్తాయి. ఒక్కసారి వాడతాం. తర్వాత వెనకాల పెద్ద పొగగొట్టం ఉన్న కొలిమిలో వేసి కాల్చేస్తాం. ఒకరి మీద కప్పింది ఇంకొకరి మీద కప్పడమనేది మా దగ్గర లేదు.

బావగారికి నమస్కారాలు చెప్పు. కార్డు సంగతి ఎత్తకు.

నీ తమ్ముడు,
రామబ్రహ్మం


ముమ్మిడివరం,
17 డిసెంబర్ 1998

చిరంజీవి రామబ్రహ్మానికి,

ఇక్కడంతా క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. మీ బావగారిని కార్డు గురించి అడిగాను. అడగకుండా ఎలా ఉంటాను?

నా భయం నీకు తెలియంది కాదు. మన పద్మావతత్తయ్య ఆపరేషను బ్రహ్మాండంగా అయిందని నవ్వుతూ ఇంటికొచ్చింది. కుట్లలో చీము పట్టి, దసరా చూడకుండా పోయింది. ఆ వాసన నాకు ఇంకా గుర్తే. కత్తికి నేను భయపడను. ముందు పడుకున్నవాళ్ళ దగ్గర్నుంచి నాకేం అంటుతుందోనని భయం. చచ్చిపోతానేమోనన్న భయం కూడా ఉంది, నీతో చెప్పడానికి సిగ్గేముంది.

నువ్వు రాసిన ప్యాకెట్ల సంగతి చదివాక కాస్త ధైర్యం వచ్చింది. ఉత్తరం మీ బావగారికీ, మా అత్తగారికీ, ఎదురింటి ఉమాశ్రీకీ చదివి వినిపించాను. ఉమాశ్రీ అయితే, విదేశీ దుప్పటి కాల్చేసే బదులు ఇంటికి ఇస్తారేమో కనుక్కోమంది. కనుక్కోనక్కర్లేదులే.

మాఘమాసం పెళ్ళిళ్ళు అవగానే వస్తాను. ఫోను చెయ్యకు. ఎస్టీడీ బూతువాడు మన మాటలన్నీ విని, నేను ఇల్లు చేరేలోపే ఊరందరికీ చెబుతున్నాడు.

ఆశీస్సులతో,
మీ అక్క పుణ్యవతి


మాదాపూర్,
28 జనవరి 1999

అక్కా,

నీకు ఒక శుభవార్త. మా కొలిమి ఆరిపోయింది.

వివరంగా రాస్తాను. ఆ ప్లాస్టిక్కు దుప్పట్లు, అంగీలు కాల్చినప్పుడు వచ్చే పొగ మంచిది కాదని నేను మొదటి నుంచీ నసుగుతూనే ఉన్నాను. మా వెనకాల రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలున్నాయి. అక్కడి ఆడవాళ్ళు మూడుసార్లు గేటు దగ్గరికొచ్చి, "సారూ, పోరగాండ్లకు దగ్గు తగ్గుతలేదు, మీ పొగ జర వేరే దిక్కు పంపుర్రి" అని మొత్తుకున్నారు. పొగను వేరే దిక్కు పంపడం కుదరదని మా ఆఫీసువాళ్ళు వాళ్ళకి మర్యాదగా చెప్పి పంపించారు. పోయిన వారం అద్దాల మేడవాళ్ళు ఫోను చేసి, అద్దాల మీద మసి పడుతోందన్నారు. ఆ సాయంత్రానికి గోవిందప్పగారు కమిటీ వేశారు.

కమిటీలో నేను చెప్పిందే నెగ్గింది. సూదులు, రక్తంతో తడిసిన దూదులు విడిగా పోతాయి. మిగతావన్నీ గుడ్డతో చేసుకుంటాం. వాడిన గుడ్డ ఉతికి, మూటలు కట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి మళ్ళీ వాడతాం. ఉతకడానికి రాయదుర్గం ఓంకార్‌ని పెట్టాం. అతను చేరిన రోజే, "ఫికర్ చెయ్యకుర్రి సార్, మీ గుడ్డలు నా పెండ్లి గుడ్డల లెక్క చూసుకుంట" అన్నాడు. అతని పెళ్ళి ఇంకా కాలేదు.

ఆరు నెలల పాటు చూసి, ఏ గొడవా రాకపోతే ఇదే ఖాయం చేస్తామన్నారు. ఏదైనా తేడా వస్తే కొలిమి మళ్ళీ వెలుగుతుంది. గుడ్డ మాత్రం సరిపోవడం లేదు. ఒత్తు నేత నూలు గుడ్డ మీ వైపు దొరుకుతుందేమో బావగారిని వాకబు చెయ్యమను.

టిక్కెట్లు తీసుకున్నారా?

రామబ్రహ్మం


ముమ్మిడివరం,
9 ఫిబ్రవరి 1999

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం ఇంటిల్లిపాదికీ రెండుసార్లు చదివి వినిపించాను. చివరికి మా అత్తగారే, "పాపం, ఆసుపత్రి దివాలా తీసినట్టుంది" అన్నారు.

శుభవార్త అని మొదలుపెట్టావు చూడు, అదే నన్ను ఏడిపించింది. చిన్నప్పుడు కూడా అంతే, లెక్కల్లో తప్పిన రోజు పెద్ద నవ్వుతో ఇంటికొచ్చేవాడివి. ప్యాకెట్లు కొనలేక, కొలిమి మండించుకోలేక, ఒకరి దుప్పటి ఉతికి ఇంకొకరికి కప్పే గతి పట్టిందంటే, జీతమైనా ఇస్తున్నారా లేదా? దాచకుండా రాయి.

టిక్కెట్లు వాపసు ఇచ్చేశాం. ఏమీ అనుకోకు. పద్మావతత్తయ్య మీద కప్పింది కూడా ఉతికిన గుడ్డే.

అలాగని నిన్ను అలా వదిలేస్తానా? మొన్న తొంభై ఆరు తుపానులో మన ఊరు కొట్టుకుపోతే హైదరాబాదు నుంచి లారీ నిండా పాతబట్టలు వచ్చాయి. మీ బావగారికి సఫారీ సూటు, మా అత్తగారికి బడిపిల్లల స్వెట్టరు దొరికాయి. వద్దనకుండా కట్టుకున్నాం. ఇప్పుడు మీకు అవసరం వచ్చింది. ఉమాశ్రీ, నేనూ వీధి వీధీ తిరిగి చెప్పాం. పురుడు కోసం దాచుకున్న మెత్తటి పాత చీరలు, పంచెలు, తువ్వాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు ఇచ్చారు. ఒక్కరు కూడా లేదనలేదు. గోనెసంచుల్లో కుట్టి బస్సు పార్శిలు వేశాం. నీ పేరున వేస్తే నీకు నామోషీగా ఉంటుందని, ఆసుపత్రి పెద్దల పేరునే వేశాం.

నువ్వు ధైర్యంగా ఉండు. కాకపోతే ఇక్కడికే వచ్చెయ్. గది ఖాళీగానే ఉంది.

మీ అక్క


మాదాపూర్,
20 ఫిబ్రవరి 1999

అక్కా,

గోనెసంచులు చేరాయి. రోగులు, వాళ్ళ బంధువులు, అద్దాల మేడ నుంచి మా ఆసుపత్రితో ఒప్పందం మాట్లాడటానికి వచ్చిన టై కట్టుకున్న ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్న ముందు హాల్లో వాటిని విప్పారు. మీద ఉన్న చీటీని గోవిందప్పగారు పైకి చదివారు: "కష్టంలో ఉన్న ఆసుపత్రికి ముమ్మిడివరం గ్రామస్థుల చిరు సాయం. మీరు చేసిన మేలు మరువలేదు."

ఆయన ఏ మేలూ చేసినట్టు ఆయనకి గుర్తులేదు.

సఫారీ సూటు మా క్యాషియరు తొడుక్కుని చూశాడు. అతికినట్టు సరిపోయింది. ఇంకా విప్పలేదు. మిగతావి ఓంకార్ ఉతికి గుడిసెలవాళ్ళకి పంచాడు. అక్కా, నాకు సిగ్గుతో ప్రాణం పోయింది. ఆసుపత్రి దివాలా తీయలేదు! నా జీతం నాకు వస్తోంది! గుడ్డ వాడుతున్నది డబ్బు లేక కాదు, పొగ తప్పించడానికి. ఇంత పెద్ద ఉత్తరం రాస్తే నీకు అందులో దివాలా ఒక్కటే కనిపించిందా?

అసలు సంగతి ఇది. గోవిందప్పగారు నన్ను గదిలోకి పిలిచి, "మీ అక్కగారు ఆపరేషనుకి వస్తారన్నారు కదా?" అని అడిగారు. గుడ్డ సంగతి విని మానుకుందని చెప్పాను. అబద్ధం ఆడటం నాకు రాదని నీకు తెలుసు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మీ అక్కగారికే నమ్మకం లేని గుడ్డ మీద నేను ఎవరి అక్కని పడుకోబెట్టమంటారు డాక్టర్?" అన్నారు. కొలిమివాడికి కబురు పెడతానన్నారు.

మా అక్కే పడుకుంటుందండీ, ఏప్రిల్లోగా వస్తుందండీ అని నేను మాటిచ్చేశాను.

వచ్చి తీరాలి.

రామబ్రహ్మం


ముమ్మిడివరం,
2 మార్చి 1999

రామబ్రహ్మానికి,

ఆశీస్సులు ఈసారికి రాయడం లేదు.

నన్ను అడక్కుండా నా ఒంటి మీద నువ్వెలా మాటిచ్చావురా? జూదంలో ఒడ్డినట్టు ఒడ్డావా? నీ గుడ్డ నెగ్గాలని నా కడుపు కోయించుకోవాలా? మీ బావగారు కూడా ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదు. ఒక్కసారి నా గాజులు అడక్కుండా వాళ్ళ చెల్లెలికి ఇచ్చారు, దానికే మూడు నెలలు మజ్జిగ పొయ్యలేదు.

ఊరందరూ మనసారా ఇచ్చిన బట్టలు చూసి నీకు సిగ్గేసిందా? నాకు నిన్ను చూసి సిగ్గేస్తోంది. ఉమాశ్రీ వాళ్ళమ్మ జ్ఞాపకంగా దాచుకున్న చీర ఇచ్చింది. అది ఎవరు కట్టుకున్నారో అడుగుతోంది. క్యాషియరని చెప్పమంటావా?

నేను రాను. దూడ బాగుంది.

పుణ్యవతి


మాదాపూర్,
15 మార్చి 1999

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు జవాబులు రాసి చించేశాను. రెండింట్లోనూ నాదే పైచేయిగా ఉంది.

నిన్ను అడక్కుండా మాటివ్వడం తప్పు. గోవిందప్పగారి దగ్గరికి వెళ్ళి, మా అక్క ఒళ్ళు నాది కాదండీ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. ఆయన సరేనన్నారు. ఏప్రిల్ ఆఖరుకి కొలిమి వెలిగిస్తారు. ఇందులో నీ తప్పేమీ లేదు. ఉమాశ్రీ వాళ్ళమ్మ చీర క్యాషియరు దగ్గర లేదు. గుడిసెల్లో ఒక బాలింత కట్టుకుంది.

నువ్వు ఎక్కడ చేయించుకున్నా సరే, చేయించుకో. కాకినాడలో నా స్నేహితుడున్నాడు, ఉత్తరం రాసిస్తాను. దూడ గురించి ఇంకో ముక్క రాశావంటే ఊరుకోను. నువ్వు చచ్చిపోతావేమోనని నాకు భయంగా ఉంది.

ఇంకొక్క మాట. మొదటి ఉత్తరంలో నీకు ఏ భయమూ అక్కర్లేదని రాశాను. అది గొప్ప కోసం రాసింది. భయం ప్యాకెట్టుకీ ఉంటుంది, గుడ్డకీ ఉంటుంది. ప్యాకెట్టు ఎక్కడో చిరిగి ఉండొచ్చు. గుడ్డకి చిల్లు ఉండొచ్చు. నేను చెయ్యగలిగింది ఒకటే. ప్రతి గుడ్డనీ దీపానికి ఎత్తి పట్టి చూస్తాం. చిల్లుంటే పక్కన పడేస్తాం. మూటకి అంటించిన పట్టీ మీద ఆవిరి తగిలి నల్ల చారలు పడితేనే థియేటరులోకి పంపిస్తాం. ఆపరేషనైన ప్రతి మనిషి గాయం నేనే వెళ్ళి చూస్తున్నాను. ఇంతవరకూ ఎవరికీ చీము పట్టలేదు. రేపు పట్టదని ఎవరం చెప్పగలం?

ఒకరికి క్రిమి అంటకుండా వాడి, దాన్నే కాల్చి ఇంకొకరి పిల్లల ముక్కుల్లోకి పంపడం ఏం శుభ్రమో నాకు అర్థం కాదు. అంతే నేను చెప్పగలిగింది.

నీ ఆరోగ్యం గురించి రాయి.

తమ్ముడు


ముమ్మిడివరం,
29 మార్చి 1999

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మొన్న పొయ్యి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. కాకినాడ వెళదామని మీ బావగారు బట్టలు సర్దారు. వద్దన్నాను. రేపు పట్టదని ఎవరం చెప్పగలం అని రాసే డాక్టరు కాకినాడలో ఉన్నాడో లేడో నాకు తెలియదు.

నువ్వు మాటిచ్చావని రావడం లేదు, నా అంతట నేను వస్తున్నాను. ఈ తేడా మీ గోవిందప్పగారికి స్పష్టంగా చెప్పు.

విడిగది వద్దు. మాట్లాడటానికి మనిషి లేకపోతే నాకు జబ్బు తగ్గదు. గౌతమి రైల్లో వచ్చి సికింద్రాబాదులో దిగుతాం. స్టేషనుకి అంబులెన్సు తేవద్దు, జనం చూస్తారు.

మీ అక్క


మాదాపూర్, కింది అంతస్తు,
16 ఏప్రిల్ 1999

అక్కా,

నువ్వు రెండో అంతస్తులో ఉన్నావు, నేను కింద ఉన్నాను. మధ్యలో లిఫ్టు ఉంది, పనిచేస్తోంది కూడా. అయినా ఈ ఉత్తరం నర్సు జ్యోత్స్న చేతికిచ్చి పంపుతున్నాను. పైకి రావడానికి నాకు మొహం చెల్లడం లేదు.

నీ ఆపరేషను రోజు థియేటరు తలుపు బయట నిలబడ్డాను. లోపల ప్యాకెట్టు చింపిన చప్పుడు వినిపించింది. తర్వాత నీ గొంతు వినిపించింది. జ్యోత్స్న బయటికొచ్చి, "సార్, అమ్మ బల్ల దిగి నిలబడ్డారు. గుడ్డ మూట తెస్తేనే ఎక్కుతారంట" అంది. ఆ పిల్లే వెళ్ళి మూట తెచ్చింది.

ఆ ప్యాకెట్టు పాత సరుకులో మిగిలిన ఆఖరిది. నేనే దాచాను. గుడ్డ మీద నాకు నమ్మకం ఉంది అక్కా, నిజంగా ఉంది. కానీ నువ్వు తలకి టోపీ పెట్టుకుని, చేతులకి గాజులు లేకుండా స్ట్రెచరు మీద వెళుతుంటే చూసి, నా చదువంతా ఎటో పోయింది. పద్మావతత్తయ్య కళ్ళ ముందుకి వచ్చింది.

ప్యాకెట్టు దాచింది నేనేనని జ్యోత్స్నకీ, నీకూ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. నువ్వు అడిగి మరీ గుడ్డ కప్పించుకున్నావని మాత్రం ఆసుపత్రంతా తెలిసిపోయింది. నిన్న కమిటీలో గోవిందప్పగారు ఆ మాట చెప్పి, కొలిమి అమ్మేస్తున్నట్టు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టి నన్ను మెచ్చుకున్నారు. నేను తల దించుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

నీకు జ్వరం లేదని చార్టులో చూశాను. గాయం చూడటానికి వేరే డాక్టరుని పంపనా?

తమ్ముడు


రెండో అంతస్తు, ఆడవాళ్ళ వార్డు,
17 ఏప్రిల్ 1999

చిరంజీవి తమ్ముడికి,

నవ్వితే కుట్లు లాగుతున్నాయి. లిఫ్టు పనిచేస్తోందని రాయకుండా ఉండాల్సింది.

నా పక్క మంచం చంద్రమ్మది. నీకు తెలిసే ఉంటుంది. సొంత ఊరు నార్సింగి, ఈ అద్దాల మేడకి రాళ్ళు మోసింది. మీ కొలిమి వెనక గుడిసెలో ఉంటోంది. ఆమెదీ గర్భసంచే. ఆపరేషను ముందు రోజంతా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆమె మాట నాకు సగం అర్థం కాలేదు, నా మాట ఆమెకి సగం అర్థం కాలేదు. అయినా ఏ లోటూ రాలేదు. నాకు వణుకు పుడుతుంటే చెయ్యి పట్టుకుని, "ఏం గాదమ్మా, పొద్దుగాల ముందు నేనే పోతున్న గద. నాకేమన్న అయితే నువ్వు పోకు" అంది. ఆ మాట అనగలిగే మనిషి మన చుట్టాల్లో ఎవరున్నారు?

ఆమె వెళ్ళి వచ్చింది. ఆమె మీద గుడ్డే కప్పారు. తర్వాత నన్ను తీసుకెళ్ళారు. బల్ల మీద పడుకోబెడుతుంటే జ్యోత్స్న నీలం ప్యాకెట్టు చింపుతోంది. ఇదేమిటమ్మా అంటే, "సార్ మీ కోసం స్పెషల్‌గా దాచారమ్మా" అంది. ఆ పిల్ల నన్ను సంతోషపెడదామనే చెప్పింది. దాన్నేమీ అనకు.

నీ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, దిగేశాను. నా వీపు వెనక అంగీ ముళ్ళన్నీ ఊడి ఉన్నాయి, సిగ్గు కూడా మర్చిపోయాను. చంద్రమ్మకి ఒకటీ నాకు ఒకటీనా? ఆ ప్యాకెట్టు నా మీద కప్పాక ఎక్కడ కాల్చేవాడివి? ఆమె గుడిసె పక్కనేగా! రెండు నెలల పాటు నాకు గుడ్డ గొప్ప చెప్పి ఒప్పించావే, ఒప్పుకున్నాక నువ్వెలా మానేశావు?

కోపం తగ్గాక ఏడుపొచ్చింది. నా మీద నీకు ఇంత ప్రేమ ఉందని ఎప్పుడూ అనలేదు కదరా. తోడబుట్టినందుకు భయపడ్డావు. నీ మీద కోపం లేదు, రాసి ఇస్తున్నాను. కానీ ఆ భయం చంద్రమ్మ కోసం కూడా పడాలి. ఆమె కోసం ఆ ఉద్యోగంలో నువ్వు తప్ప భయపడేవాళ్ళు ఎవరున్నారు?

వేరే డాక్టరు వద్దు. రేపు కుట్లు చూసేటప్పుడు నువ్వే రా. లోపలికి రాగానే ముందు చంద్రమ్మ మంచం దగ్గర ఆగు. ఆమె గాయం తీరిగ్గా చూసి, ఎలా ఉందో ఆమెకి చెప్పి, తర్వాత నా దగ్గరికి రా.

ఆశీస్సులతో,
మీ అక్క